గెలీలియో ముందు లెన్సును ఎందుకు కప్పేశాడు

ఫ్లారెన్స్‌లోని గెలీలియో మ్యూజియంలో ఆయన దుర్భిణి ఒకటి ఉంది. ముందు లెన్సు వ్యాసం 37 మిల్లీమీటర్లు. దాని అంచును మూతతో కప్పేశారు కనుక, వెలుగు లోపలికి వెళ్లే కంత మాత్రం 15 మిల్లీమీటర్లే. అంటే లెన్సు మీద పడిన వెలుగులో ఆరో వంతే కంటికి చేరేది. మసక చుక్కలు వెతికే మనిషి అంత వెలుగు వదులుకోవడానికి కారణం గాజులోనే ఉంది.

అప్పటి గాజులో బుడగలు, చారలు ఉండేవి. దాన్ని గిన్నెలాంటి అచ్చులో చేత్తో అరగదీసి, మెత్తటి పొడితో మెరుగుపెట్టేవారు. అలా చేసినప్పుడు ముందుగా పాడయ్యేది అంచు. అక్కడి వంపు తప్పితే ఆ కిరణాలు మధ్య కిరణాలతో ఒకచోట కలవవు, గురుగ్రహం చుట్టూ వెలుగు చెదిరిపోతుంది. పక్కనే ఉన్న చిన్న చుక్కలు ఆ చెదురులో మునిగిపోతాయి. అంచును మూసేస్తే బొమ్మలో వెలుగు తగ్గుతుంది కానీ బొమ్మ తేటపడుతుంది. 1610 జనవరి 7న గురుడి పక్కన మూడు చుక్కలు, 13న నాలుగు (అవి గురుడి ఉపగ్రహాలు) కనబడ్డాయంటే అందులో ఈ మూత పాత్ర చిన్నది కాదని నా అభిప్రాయం.

ఈ దుర్భిణి ముందు లెన్సు నాభ్యంతరం, అంటే లెన్సు నుంచి కిరణాలు కలిసే చోటికి దూరం, 980 మిల్లీమీటర్లు. కంటి దగ్గరది పుటాకార (మధ్యలో లోపలికి వంగిన) లెన్సు, దాని నాభ్యంతరం 47.5 మిల్లీమీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 20 రెట్లు. రెండు లెన్సుల మధ్య దూరం వాటి తేడా, 93 సెంటీమీటర్లు. బొమ్మ తలకిందులు కాదు, అదొక సుఖం. కానీ దృష్టిక్షేత్రం, అంటే ఒకసారికి కనిపించే మేర, పావు డిగ్రీయే, చంద్రుడి వెడల్పులో సగం. గ్రహాన్ని ఆ ఇరుకులోకి తెచ్చుకోవడమే పెద్ద పని. గొట్టాన్ని చేత్తో పట్టుకుంటే నాడి కొట్టుకున్నా, ఊపిరి పీల్చినా బొమ్మ వణుకుతుంది కనుక దాన్ని దేనికైనా బిగించాలని, ఊపిరి ఆవిరి పట్టకుండా లెన్సును గుడ్డతో తుడుస్తుండాలని ఆయనే రాశాడు.

ఎన్ని రెట్లో కొలవడానికి ఆయన చెప్పిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. కాగితం మీద రెండు వృత్తాలు గీయాలి, ఒకదాని వ్యాసం రెండోదానికి 20 రెట్లు. రెండింటినీ దూరంగా గోడకు అంటించి, ఒక కన్ను దుర్భిణికి ఆనించి చిన్నదాన్ని, రెండో కంటితో నేరుగా పెద్దదాన్ని చూడాలి. రెండూ సమానంగా కనిపిస్తే 20 రెట్లు ఉన్నట్టే.

1611లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ కంటి దగ్గర కూడా కుంభాకార (మధ్యలో ఉబ్బిన) లెన్సు పెట్టొచ్చని చూపాడు. బొమ్మ తలకిందులైనా క్షేత్రం విశాలమైంది. పైగా గొట్టం లోపల నిజ ప్రతిబింబం (కిరణాలు నిజంగా కలిసి ఏర్పడే బొమ్మ) ఏర్పడుతుంది, అక్కడ సన్నని తీగ అమర్చి కోణాలు కొలవొచ్చు.

లెన్సు వంపు తెచ్చే మసకా, గాజు ఒక్కో రంగును ఒక్కోలా వంచడం వల్ల బొమ్మ చుట్టూ వచ్చే రంగుల అంచూ మాత్రం మిగిలిపోయాయి. నాభ్యంతరం పెంచితే రెండూ తగ్గుతాయి. అయితే రంగు పెరగకుండా కంత వ్యాసాన్ని రెట్టింపు చేయాలంటే పొడవు నాలుగింతలు కావాలి. అందుకే ఖగోళ పరిశీలకుడు హెవెలియస్ దుర్భిణి 46 మీటర్ల దాకా సాగింది. అంత పొడవు గాలికి ఊగుతుంది, తన బరువుకే వంగుతుంది, లెన్సులు వరుస తప్పుతాయి. డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1655లో శని ఉపగ్రహం టైటాన్‌ను కనిపెట్టింది అంత పెద్దదానితో కాదు, సుమారు 12 అడుగుల దుర్భిణితో, 50 రెట్ల దగ్గర.