బరువే లేని చోట బరువులెత్తే మనుషులు

శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉంది కాబట్టి రాకెట్ల కబుర్లు మనకు కొత్త కాదు, కానీ పైకెళ్లినవాళ్లు ఒళ్లు ఎలా కాపాడుకుంటారో మాత్రం పెద్దగా మాట్లాడుకోం. 2025 మార్చిలో 286 రోజుల తర్వాత వ్యోమగామి సునీతా విలియమ్స్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (స్పేస్ స్టేషన్) నుంచి దిగినప్పుడు స్ట్రెచర్ మీద తీసుకెళ్లడం టీవీలో చూసి మా పిన్ని "పాపం, ఆయమ్మకు సరిగ్గా తిండి పెట్టలేదేమో" అనేసింది.

తిండికి లోటు లేదు. రోజూ రెండు గంటల దాకా ఎక్సర్‌సైజ్ కూడా ఉంటుంది. అసలు చిక్కు వేరే. నాలుగొందల కిలోమీటర్ల ఎత్తులో కూడా భూమి ఆకర్షణ దాదాపు 90 శాతం ఉంటుంది, కాకపోతే స్టేషనూ మనుషులూ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉంటారు కాబట్టి బరువు తెలీదు. కాళ్లకూ నడుముకూ పని లేకపోయేసరికి తుంటి లాంటి చోట్ల ఎముక నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం చొప్పున తగ్గిపోతుంది, కరిగిన కాల్షియం మూత్రంలోకి చేరి కిడ్నీలో రాళ్ల టెన్షన్ అదనం. అలిపిరి మెట్లెక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర మనం తిట్టుకుంటాం చూడండి, ఎముకను గట్టిగా ఉంచేది ఆ భారమే.

మరి అక్కడ భారం ఎక్కణ్నుంచి తేవాలి? ఎంత పెద్ద డంబెల్ అయినా గాల్లో తేలుతుంది. అందుకే ఏరెడ్ అనే మెషీన్ పెట్టారు, నాకైతే స్టేషన్ మొత్తంలో ఇదే తెగ నచ్చింది. బార్ ఎత్తినప్పుడల్లా గాలి తీసేసిన సిలిండర్లలో పిస్టన్లు వెనక్కి లాగుతాయి, దాదాపు 270 కిలోల దాకా పెట్టుకుని స్క్వాట్స్ కొట్టొచ్చు. ట్రెడ్‌మిల్ మీదైతే భుజాలకూ నడుముకూ పట్టీలు బిగించి సాగే తాళ్లతో కిందికి లాగిపెట్టుకోవాలి, లేదంటే మొదటి అడుగుకే పైకి తేలిపోతారు. 2007లో సునీత బోస్టన్ మారథాన్‌ను అలాగే, నాలుగు గంటల 24 నిమిషాల్లో పరుగెత్తేసింది!

చెమట కారదు, ఒంటికే అంటుకుని ఉంటుంది, టవల్‌తో తుడుచుకోవాలి. ఆ తేమనే శుద్ధి చేసి మళ్లీ తాగే నీళ్లుగా మారుస్తారు (ఛీ అనకండి, వాళ్లకు వేరే దారి లేదు).

ఇంత చేసినా అన్నీ ఆగవు. ఒంట్లో ద్రవాలు తలవైపు చేరి ముఖం ఉబ్బుతుంది, కొందరికి చూపులో తేడా వస్తుంది, దానికి ఏ మెషీనూ పూర్తి మందు కాదు. దిగాక నాసా వాళ్లు ఇంకో 45 రోజులు నడక, బ్యాలెన్స్, బరువులు అన్నీ చేయిస్తారు. కండ తొందరగానే తిరిగొస్తుంది, ఎముక మాత్రం కొందరికి ఏడాదైనా పూర్తిగా పూడదు.