పదికి ఎంత?

మా ల్యాబులో సెలవులు సీనియారిటీ ప్రకారం ఇస్తారు. ఏడాది మొత్తానికి ఒక పెద్ద షీటు తిరుగుతుంది. ఇరవై ఏళ్ల సర్వీసున్న వాళ్లు ముందు రాసుకుంటారు, తర్వాత పదిహేనేళ్ల వాళ్లు. అలా దిగి దిగి నా దాకా వచ్చేసరికి జులై, ఆగస్టు, క్రిస్మస్ ఎగిరిపోయి ఉంటాయి. మిగిలేవి ఫిబ్రవరి ముసురు, సెప్టెంబరులో బడులు తెరిచే వారం. యూనియన్ రూలు అది, అన్యాయమేమీ కాదు. కాకపోతే ఇండియాలో చేసిన సర్వీసు ఆ లెక్కలోకి రాదు. ఎంఎల్‌టీ, అంటే మెడికల్ ల్యాబ్ కోర్సు చదివి, విజయవాడలో ల్యాబు నడిపి వచ్చినదాన్ని ఇక్కడ కెనడాలో మళ్లీ సర్టిఫికేషన్ పరీక్ష రాశాను. అది పాసయ్యేదాకా శాంపిల్ ట్యూబులకు లేబుళ్లు అంటించాను.

లీవంటే మాకు ఇండియానే. కూడబెట్టిన రోజులన్నీ తీసుకెళ్లి ఒక పెళ్లిలోనో ఒక ఆస్పత్రి వరండాలోనో ఖర్చుపెట్టి వస్తాం. సెప్టెంబరులో దొరికిన ఒక్క వారం దానికి చాలదు. ఇంట్లో కూర్చుంటే అల్మారాలు సర్దడంతోనే అయిపోతుంది. పక్క బెంచీలో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడకూ అదే వారం పడింది. "కయాకింగుకి పోదాం, గైడుంటారు, టెంట్లలో పడుకోవడం" అంది. కయాకంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ. ధర చూస్తే మా ఇంటి ఒక నెల అద్దెకు దగ్గరగా ఉంది. మా ఆయన ఒక నిమిషం ఆలోచించి, "పాపను నేను చూసుకుంటాలే, వెళ్లిరా" అన్నాడు.

నాన్నతో చెప్పడమే కష్టమైంది. మాది దివిసీమ, నాగాయలంక పక్కన. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాన్న హైస్కూల్లో చదువుతున్నాడు. రాత్రంతా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క డాబా మీద నిలబడి బతికాడు. పదివేల మందికి పైగా పోయిన ఆ ఉప్పెన తర్వాత మా ఇంట్లో సముద్రమంటే హంసలదీవిలో మాఘ పౌర్ణమి స్నానమే, అదీ మోకాలి లోతు దాకానే. "డబ్బులిచ్చి మరీ సముద్రంలోకి పోతారా అమ్మా?" అన్నాడు ఫోన్లో. మాట దాటేసి బీపీ మాత్రల సంగతి అడిగాను.

మేం వెళ్లింది వాంకూవర్ ద్వీపానికి. ఆ పేరు వినగానే అందరూ వాంకూవర్ నగరమే అనుకుంటారు. నగరం ప్రధాన భూభాగం మీద ఉంటుంది, ద్వీపం దానికి ఎదురుగా. హార్స్‌షూ బే నుంచి నానైమోకి ఫెర్రీలో గంటా నలభై నిమిషాలు. అక్కడి నుంచి ఉత్తరానికి గంటల తరబడి కారు. తర్వాత హైవే వదిలి కలప లారీలు తిరిగే కంకర రోడ్డు మీద జెబాలోస్ అనే చిన్న ఊరు, ఇంకా ముందుకెళ్తే ఫెయిర్ హార్బర్. రోడ్డు అక్కడితో అయిపోతుంది, ఫోను సిగ్నల్ అంతకు చాలా ముందే పోతుంది. ఆ ముందున్నది కైయూకట్ సౌండ్, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. కైయూకట్ ఊరికి పడవ మీదో, నీళ్ల మీద వాలే చిన్న విమానంలోనో వెళ్లాల్సిందే. పడమటికి జపాను దాకా మరో నేల లేదు.

గైడు ఇరవై ఆరేళ్ల అమ్మాయి, కెనడాలోనే పుట్టింది. సహాయకుడు చిలీ కుర్రాడు, వర్కింగ్ హాలిడే వీసా మీద వచ్చాడు. వాళ్లు మొదట చేసిన పని మా సామాను సగం వెనక్కి కార్లో పెట్టించడం. కయాకులో డిక్కీలు చిన్నవి, మూతలు ఇంకా చిన్నవి. బట్టలు, స్లీపింగ్ బ్యాగు, తిండి అన్నీ నీళ్లు చొరని సంచుల్లో కుక్కి ఒకదాని వెనక ఒకటి తోయాలి. నా కారప్పొడి డబ్బా మూత తీసి గైడు వాసన చూసింది, తుమ్మింది, ఎలుగుబంట్లు తెరవలేని ప్లాస్టిక్ పీపాలో పడేసింది. టూత్‌పేస్టు, లిప్ బామ్ కూడా అందులోకే పోయాయి. వాసనొచ్చేది ఏదీ టెంటులో ఉండకూడదు, ఆ తీరంలో తోడేళ్లూ ఉన్నాయి.

తర్వాత చలినీళ్ల పాఠం. ఇక్కడ సముద్రం వేసవిలోనూ చల్లగానే ఉంటుంది. మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసర్ చలి నీళ్లలో తనే దిగి ప్రయోగాలు చేసిన మనిషి. ఆయన ప్రచారంలోకి తెచ్చిన లెక్కను గైడు మాతో అప్పజెప్పించింది: ఒకటి, పది, ఒకటి. పడ్డాక మొదటి ఒక్క నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవాలి. ఆ తర్వాత పది నిమిషాలే చేతులు మన మాట వింటాయి. స్పృహ తప్పడానికి ఒక గంట పడుతుంది. మునగడం కంటే ముందు వేళ్లు పనిచేయడం మానేస్తాయని నాకు అప్పుడే తెలిసింది. రక్తం గడ్డకట్టే టైము కొలిచేదాన్ని కాబట్టి ఆ నిమిషాల లెక్క బుర్రలో ఠక్కున నిలిచిపోయింది.

నేను వాంకూవర్ పక్కనున్న బర్నబీలో మున్సిపల్ కొలనులో ఈత నేర్చుకున్నాను, అదీ పాపకు నేర్పించడానికి వెళ్లి. అందుకే బోల్తా కొట్టించే ప్రాక్టీసులో భయం కంటే చిరాకే ఎక్కువ. నడుముకు బిగించిన రబ్బరు గుడ్డ కయాకు అంచుకు పట్టేసి ఉంటుంది. తలకిందులయ్యాక ముందుకు వంగి దాని కొసనున్న పట్టీ లాగాలి. లాగాను, బయటపడ్డాను, ముక్కులోకి ఉప్పునీళ్లు.

మొదటి పొద్దున కాఫీ చేతికిచ్చి గైడు అందరినీ ఒక్కొక్కరిగా అడిగింది: "ఇవాళ ఒంట్లో పదికి ఎంత?" మా గుంపులో రిటైరైన టీచర్లయిన భార్యాభర్తలిద్దరు, ఒక బ్యాంకు కుర్రాడు, అతని స్నేహితురాలు, మేమిద్దరం. కుర్రాడు "తొమ్మిది" అన్నాడు. నేను ఎనిమిది, మా ఫ్రెండు ఎనిమిది. ల్యాబులో సూపర్‌వైజర్ ఫోన్ చేసి "సాయంత్రం షిఫ్టు చేయగలవా" అంటే నోట్లోంచి "ఓ, తప్పకుండా" ఎలా వస్తుందో ఈ ఎనిమిదీ అలాగే వచ్చింది. వర్క్ పర్మిట్ల మీద కొన్నేళ్లు బతికినవాళ్ల నోటికి తక్కువ అంకె రాదు. పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చినా ఆ అలవాటు పోదు.

టీచరమ్మ మాత్రం కాఫీ ఊదుకుంటూ "నాలుగు" అంది. భుజం రాత్రంతా లాగిందట. సారీ లేదు, సంజాయిషీ లేదు. గైడు మొహంలో ఏమీ మారలేదు. మ్యాపు తీసి, బయటి తీరం పక్కనపెట్టి, దీవుల లోపలి వైపు నుంచి దారి గీసింది. ఆవిడను డబుల్ కయాకులో చిలీ కుర్రాడి ముందు కూర్చోబెట్టింది. అంతే, మా అందరి రోజూ నాలుగు ప్రకారం నడిచింది. బ్యాంకు కుర్రాడు కాస్త ముడుచుకున్నాడు. నాకైతే ఇలా కూడా ఉండొచ్చా అనిపించింది. మర్నాడు నేను "ఆరు" అన్నాను, కుడి బొటనవేలి దగ్గర పొక్కు పగిలింది మరి. గైడు టేపు తెచ్చి వేలికి చుట్టింది.

డబుల్ కయాకులో ముందున్నవాళ్లు తెడ్డు లయ పెడతారు, వెనకవాళ్లు కాళ్లతో చుక్కాని తిప్పుతారు. చేతులతో లాగితే గంటలో అయిపోతాం, నడుము తిప్పి లాగాలి. ల్యాబులో చుక్కలు కొలిచే పైపెట్లను రోజూ నొక్కే బొటనవేళ్లు నావి, అవి ముందే అరిగి ఉన్నాయి. కాబట్టి నడుము పాఠం శ్రద్ధగా నేర్చుకున్నాను.

స్ప్రింగ్ ద్వీపం నుంచి బన్స్‌బీ దీవులకు వెళ్లే దారిలో అసలు సముద్రం తగిలింది. కెరటం రెండు మీటర్ల దాకా ఉంది. విరగదు, కొండలా లేచి మనల్ని ఎత్తి దించుతుంది. దిగువన ఉన్నప్పుడు పక్క కయాకు కూడా కనబడదు. అది భయపెట్టేదే కానీ అపాయం కాదట. అపాయమంతా బూమర్లతో. నీటి కింద దాగిన రాళ్లవి. చిన్న కెరటాలు వాటి మీంచి చప్పుడు లేకుండా పోతాయి, అంతా ప్రశాంతంగా ఉందనుకుంటాం. ఎప్పుడో ఒక పెద్ద కెరటం వచ్చేసరికి అక్కడే నీళ్లు ఒక్కసారి తెల్లగా పేలతాయి. గైడు ఒకచోట మమ్మల్ని ఆపేసింది, ఊరికే చూడమంది. ఐదు నిమిషాలు ఏమీ లేదు, బ్యాంకు కుర్రాడు తెడ్డు ఎత్తాడు కూడా. అప్పుడు పేలింది, మేం వెళ్లబోయిన దారి మధ్యలో.

ఒడ్డుకు దిగడం ఇంకో తంతు. గైడు ముందు ఒక్కతే వెళ్లి ఇసుకలో నిలబడింది. తెడ్డు నిలువుగా ఎత్తితే రండి, అడ్డంగా పట్టుకుంటే ఆగండి. కెరటాలు గుంపులుగా వస్తాయి, పెద్దవి నాలుగైదు వెళ్లాక కాస్త తెరిపి ఉంటుంది. మేం బయట ఊగుతూ ఆమె తెడ్డే చూస్తున్నాం. ఎంతసేపటికీ అడ్డంగానే ఉంది. నా వెనక మా ఫ్రెండు వాళ్ల తగలోగ్ భాషలో ప్రార్థన మొదలుపెట్టింది, నేను ఆంజనేయ దండకం. తెడ్డు నిలువయింది. "పో పో పో" అని ఎవరో అరిచారు, నేనే కావచ్చు. ఒక కెరటం వీపు మీద ఎక్కి, అది జారిపోతుంటే తోసుకుంటూ, కయాకు అడుగు ఇసుకకు రాసుకున్న చప్పుడు వినగానే దూకేశాం. బ్యాంకు కుర్రాడి పడవ చివర్లో అడ్డం తిరిగి దొర్లింది. మోకాలి లోతే కాబట్టి టోపీ ఒక్కటే పోయింది.

బన్స్‌బీల దగ్గర సీ ఆటర్లను చూశాం, మన నీటికుక్కల జాతే. వెల్లకిలా పడుకుని, పొట్ట మీద గుల్ల పెట్టుకుని రాయితో కొట్టుకు తింటాయి. నిద్రపోయేటప్పుడు కొట్టుకుపోకుండా కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచు ఒంటికి చుట్టుకుంటాయి. వాటి బొచ్చు కోసం 18వ శతాబ్దం చివర్లో మొదలైన వేట ఈ తీరాన్నంతా ఊడ్చేసింది. చర్మాలు చైనా రేవులకు పోయేవి. ఈ బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఆఖరుదాన్ని 1929లో కైయూకట్ దగ్గరే కాల్చారు. 1969 నుంచి 1972 మధ్య అలాస్కా నుంచి 89 ఆటర్లను తెచ్చి ఈ నీళ్లలో వదిలారు, ఇప్పుడున్నవి వాటి సంతతే. అవి నాచును మేసే అర్చిన్లనే ముళ్ల సముద్రజీవులను తింటాయి కాబట్టి కెల్ప్ అడవులు మళ్లీ లేచాయి, చేపలు పెరిగాయి. టూరిస్టులకు చెప్పే కథ ఇక్కడితో ఆగుతుంది. మా గైడు ఆపలేదు. ఆటర్లు తినే గుల్లలు, పీతలు, అర్చిన్లే ఇక్కడి ఆదివాసులైన కైయూకట్, చెక్లెసెట్ ప్రజల తిండి కూడా. ఆటర్లను వదిలేముందు వాళ్లను ఎవరూ అడగలేదు, ఇప్పుడు వాటిని వేటాడకూడదని చట్టం. తీరం గురించి నిర్ణయాలు తీరానికి దూరంగా జరగడం మాకూ కొత్త కాదు. చెరువులు, మడ అడవులు, వేట నిషేధం అంటూ నాగాయలంక రేవులో రోజూ వినబడే గొడవలే.

తర్వాత గాలి తిరిగింది. గైడు పొద్దునా సాయంత్రమూ రేడియోలో వాతావరణం వినేది. బ్రూక్స్ ద్వీపకల్పం కొసన సోలాండర్ దీవి మీద కేంద్రం ఉంది, అక్కడి అంకెలు వినగానే ఆమె పెదవి కొరికేది. అల్పపీడనం, ఆగ్నేయ గాలి ముప్ఫై నాట్లు, అంటే గంటకు యాభై ఐదు కిలోమీటర్లు. "ఇవాళ కదలం" అంది. అంత డబ్బు కట్టిన వాళ్లతో ఒక్క మాటలో అంతే. రోజంతా టార్పాలిన్ కింద కూర్చున్నాం. టీచరు గారు పేకముక్కలు తీశారు. నేను కారప్పొడి అడిగి తీయించి అన్నంలో కలిపి పంచాను. చిలీ కుర్రాడు మూడుసార్లు వేయించుకున్నాడు.

ఆ సాయంత్రం వాడితో కలిసి గిన్నెలు కడిగాను. సముద్రపు నీళ్లు, ఇసుక, పీచు. "నీ వీసా ఎప్పటిదాకా?" అన్నాను. ఇంత దూరం వచ్చినా నా నోట్లోంచి వచ్చేది అదే. మార్చి దాకానట. ఎంప్లాయర్ స్పాన్సర్ చేస్తాడా, పర్మనెంట్ రెసిడెన్సీకి పాయింట్లు చాలతాయా, ఇంగ్లిషు పరీక్ష స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కదా, ఇవన్నీ వాడూ లెక్కేసుకునే ఉన్నాడు. సీజన్ పని అనుభవం కిందకు వస్తుందో రాదో అని వాడి టెన్షన్. నాకు తెలిసినంతలో చెప్పాను. టెంట్ల దగ్గరున్నవాళ్లు మేం తోడేళ్ల గురించి మాట్లాడుకుంటున్నామనుకున్నారట.

గాలి తగ్గాక తెల్లవారకముందే బయల్దేరి, పొగమంచులో దిక్సూచి చూసుకుంటూ వెనక్కొచ్చాం. ఫెయిర్ హార్బర్లో పడవలు పైకి లాగుతుంటే గైడు కుడి మణికట్టు కనబడింది. టేపు కింద వాచి ఉంది, తెడ్డు తిప్పినప్పుడల్లా ఎడమ చెయ్యి సాయం పెడుతోంది. పొద్దున అందరికన్నా ముందు లేచి నీళ్లు కాచేది, అందరూ తిన్నాక తినేది. ఆ మణికట్టును ఇన్ని రోజులూ జాకెట్ కప్పేసింది. రోజూ మా అంకెలు రాసుకున్న మనిషి తన అంకె ఎప్పుడూ చెప్పలేదు.

"నీది పదికి ఎంత?" అన్నాను.

నవ్వింది. చుట్టూ చూసి, మా మేనేజరులాంటి వాళ్లెవరూ లేరని రూఢి చేసుకున్నట్టు, "మూడు" అంది మెల్లగా.

"డాక్టరుకు చూపించావా?"

"సీజన్ అయ్యాక చూపిస్తా. రేపు ఇంకో గుంపు వస్తోంది."

ఆ మాటకు నేను ఏమనగలను? మా ల్యాబులో నేను చెప్పేదీ అదే. బర్నబీలో వాకిన్ క్లినిక్ నంబరు రాసిస్తే దేనికి, అక్కడికి పది గంటల ప్రయాణం. నా టేపు చుట్ట ఇంకా సగం మిగిలుంటే ఇచ్చాను, ఐబుప్రొఫెన్ అన్నం తిన్నాకే వేసుకోమన్నాను. చిలీ కుర్రాడు అప్పటికే పైపు పట్టుకుని కయాకుల్లో ఇసుక కడుగుతున్నాడు. ఆఖరి ఫెర్రీ తప్పిపోతుందని మా ఫ్రెండు హారన్ కొట్టింది.