కొత్త పిస్టల్‌కి ఏం మార్చాను, ఏం ముట్టుకోలేదు

.32 పిస్టల్ కొన్నానని తెలిసినవాళ్లందరూ అడిగేది ఒకటే, "దానికి ఏమేం పెట్టించావు?" అని. వీడియోలు చూసి ఉంటారు. అమెరికాలో కొన్న వారానికే ట్రిగర్ మార్చి, బారెల్ మార్చి, పైన గురి చూసే ఎర్ర చుక్క సైటు, కింద టార్చి బిగించేస్తారు. మన దగ్గర ఆ దారి లేదు, ఉన్నా నేను పోను. అలాగని పెట్టెలోంచి తీసినదాన్ని తీసినట్టే నడుముకి పెట్టుకుని కాశీబుగ్గ నుంచి మందస వెళ్లి రావడమూ కుదరదు. మన శ్రీకాకుళం జిల్లాలో లైసెన్సు ఉన్నవాళ్లు కొందరికైనా పనికొస్తుందని నేను ఏం చేశానో రాస్తున్నాను.

నాది జీడిపిక్కల వ్యాపారం. సీజన్లో, అంటే మార్చి నుంచి మే దాకా, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లలో పిక్కలు కొంటే చాలామంది రైతులు చేతికి డబ్బే కావాలంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి మా చుట్టుపక్కల తోటలు నేలమట్టం చేశాక పిక్క కోసం ఇంకా లోపలి ఊళ్లకి వెళ్లాల్సి వచ్చింది, చీకటి పడ్డాక బండి మీద ఒంటరిగా తిరిగి రావడం మామూలైపోయింది. లైసెన్సుకి పెట్టుకున్నది అందుకే. మామూలు పౌరులకి 9 ఎం.ఎం. ఇవ్వరు, అది నిషేధిత బోరు (బోరు అంటే తుపాకీ గొట్టం లోపలి కొలత), కాబట్టి జేబుకి సరిపడే పిస్టల్ అంటే మనకి ఎక్కువగా .32 అనే అర్థం.

ముందు చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఏది మార్చొచ్చు ఏది మార్చకూడదు అన్నది అక్కడే తేలిపోతుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ తయారీకే కాదు, రిపేరు చేయడానికీ రూపం మార్చడానికీ కూడా లైసెన్సు ఉండాలి. బారెల్ పొట్టి చేయడం గురించి అందులో విడిగా ఒక సెక్షనే ఉంది. తుపాకీ మీది నంబరు చెరిపేస్తే అది వేరే నేరం. అంటే లేత్ పని తెలిసిన బావగారు ఉన్నా, ఇంట్లో ఆకురాయి ఉన్నా, ఇనుము జోలికి పోకూడదు. ట్రిగర్ గట్టిగా ఉందనిపించినా, స్ప్రింగు బిగుతుగా ఉందనిపించినా లైసెన్సున్న ఆర్మరర్, అంటే తుపాకులు బాగుచేసేవాడి దగ్గరికే తీసుకెళ్లాలి. నా పిస్టల్ ట్రిగర్ కాస్త బరువే. అలాగే ఉంచాను, నడుముకి కట్టుకుని గతుకుల రోడ్డు మీద తిరిగే వస్తువుకి తేలిక ట్రిగర్ వద్దే వద్దు అని నా గట్టి అభిప్రాయం.

ఇక రెండోది 2016 ఆయుధాల నియమావళి. బయట తిరిగేటప్పుడు పిస్టల్ హోల్‌స్టర్‌లో (నడుముకి కట్టుకునే ఒరలో) గానీ అలాంటి సంచిలో గానీ ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మన అదుపులో ఉండాలి అని అందులో ఉంది. అందుకని నా డబ్బూ ఓపికా ఎక్కువ భాగం హోల్‌స్టర్ మీదే పెట్టాను.

మొదట ఆన్‌లైన్లో తెప్పించిన నైలాన్ సంచి ఏ సైజుకైనా సరిపోతుందని అమ్మేది, అంటే ఏ సైజుకీ సరిపోదు. పిస్టల్ లోపల తిరుగుతుంది, బయటకి తీశాక మూతి ముడుచుకుపోతుంది, తిరిగి పెట్టాలంటే రెండో చెయ్యి కావాలి. ట్రిగర్ ఉన్నచోట గుడ్డ అంత పల్చగా ఉంటే ఏదో ఒకరోజు తాళంచెవో పెన్నో లోపలికి నొక్కుకుంటుంది. అది పక్కన పడేసి, తోలుతో కుట్టించాలని బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన్ని అడిగాను. మరి కొలతకి పిస్టల్ ఆయన చేతికి ఇవ్వకూడదు కదా. అందుకని ఇంట్లో మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) తీసి, ఛాంబర్ (పేలే తూటా కూర్చునే గది) ఖాళీ అని కంటితో చూసి వేలితో తడిమి, అట్టముక్క మీద పెట్టి చుట్టూ గీసి, మందం కొలతలు రాసుకుని మా వీధి వడ్రంగి బాబాయికి ఇచ్చాను. ఆయన టేకు ముక్కలో అచ్చు అదే ఆకారం చెక్కాడు. రెండు చోట్ల మాత్రం అసలు దానికి తేడా పెట్టించాను. ట్రిగర్ చుట్టూ ఉండే వంపు, అంటే ట్రిగర్ గార్డు లోపలి ఖాళీని చెక్కలో గుల్ల చేయకుండా నిండుగా వదిలేయమన్నాను, తోలు అందులోకి దిగి ట్రిగర్‌ని నొక్కకుండా. ముందు సైటు నుంచి వెనక సైటు దాకా సన్నటి పుల్ల అతికించమన్నాను, లేకపోతే తీసిన ప్రతిసారీ సైటు తోలుని గీరుకుంటూ వస్తుంది.

తోలు విషయంలో ఒక్క మాట. బ్యాగులకి వాడే మెత్తటి క్రోమ్ తోలు ఆకారం నిలుపుకోదు. తంగేడు చెక్కలాంటివాటితో పదును చేసిన తోలు కావాలి, మూడు మిల్లీమీటర్ల మందం ఉంటే చాలు. దాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక చెక్క పిస్టల్ చుట్టూ వేసి వేళ్లతో, గరిటె కాడతో నొక్కుతూ పోతే ప్రతి వంపూ తేలుతుంది. ఆరబెట్టడం నీడలోనే, ఎండలో పెడితే బిరుసెక్కి పగులుతుంది. పెద్దాయన మైనం పట్టించిన దారంతో రెండు సూదులు ఎదురెదురుగా పోనిస్తూ కుట్టాడు, ఒక కుట్టు తెగినా మిగతావి ఊడవు. మూతి దగ్గర తోలు ఇంకో పొర వేయడం కూడా ఆయన ఆలోచనే. "బాబూ, ఒక్క పొరైతే నువ్వు కూకున్నప్పుడల్లా మూసుకుపోతాది" అన్నాడు. చెక్క బొమ్మని చేతిలో తిప్పి చూసి అసలు సమస్య ఎక్కడుందో పట్టేసిన మనిషి, అడిగిన డబ్బుకి పైన ఇస్తే తీసుకోడానికి మొహమాటపడ్డాడు. పైన బటన్‌తో ఒక పట్టీ పెట్టించాను, బండి గుంతలో పడినా పిస్టల్ ఎగరకుండా. పట్టీ వల్ల తీయడం ఒక్క క్షణం ఆలస్యమవుతుంది, నాకు అది ఫరవాలేదు.

బెల్టు కూడా మార్చాలి, ఇది చాలామంది పట్టించుకోరు. ఆఫీసు బెల్టు బరువుకి వంగిపోయి పిస్టల్ బయటకి వాలుతుంది, చొక్కా కింద ఉబ్బు కనిపిస్తుంది. ఒకటిన్నర అంగుళాల వెడల్పు, రెండు పొరల తోలు బెల్టు, హోల్‌స్టర్ లూపులు దానికి సరిగ్గా బిగుతుగా ఉండాలి. పెట్టుకునేది కుడి తుంటి ఎముక మీదే, వెన్ను మధ్యలో మాత్రం వద్దు, బండి మీంచి వెనక్కి పడితే వెన్నెముకకీ నేలకీ మధ్య ఇనుము ఉంటుంది. పైన వదులు చొక్కా, టక్ చేయకుండా. నేను పొందూరు ఖాదీ వేసుకుంటున్నాను, మే నెలలో ఒంటికి గాలి ఆడుతుంది, కింద ఏముందో తెలియదు.

పిస్టల్ మీద చేసిన పనులు రెండే, రెండూ ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు. ప్లాస్టిక్ పిడి చెమట చేతిలో జారుతుంటే సైకిల్ ట్యూబు ముక్క కోసి తొడిగాను. మ్యాగజైన్ బటన్‌కి అడ్డం రాకూడదు. కొన్ని మోడళ్లలో పిడి వెనక గ్రిప్ సేఫ్టీ ఉంటుంది, చేత్తో పిడి గట్టిగా పట్టుకుంటేనే పేలనిచ్చే మీట అది, ట్యూబు దాన్ని నొక్కిపట్టేస్తే ఆ సేఫ్టీ ఉన్నా లేనట్టే, అలాంటి పిస్టల్‌కి ఈ పని చేయొద్దు. రెండోది ముందు సైటు. నలుపు మీద నలుపు, సాయంత్రం కనిపించదు. స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, ముందు తెల్ల నెయిల్ పాలిష్ ఒక పూత, ఆరాక నారింజ రంగు ఒక పూత వేయించాను. మా ఆవిడ చేతులతో వేసింది కాబట్టి అంచులు నీట్‌గా వచ్చాయి.

తూటాలు నింపేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది, .32 కొత్తగా కొన్నవాళ్లకి దుకాణంలో ఎవరూ చెప్పరు. ఈ తూటా అడుగు అంచు ఒంటి కంటే కొంచెం బయటకి ఉంటుంది. మ్యాగజైన్లో పై తూటా అంచు కింది తూటా అంచుకి వెనక చిక్కుకుంటే రెండూ బిగుసుకుని పిస్టల్ జామ్ అవుతుంది. ప్రతి తూటా అంచు కింది దాని అంచుకి ముందుండేలా ఒక్కొక్కటీ చూసుకుంటూ నింపాలి. గబగబా దోపకండి.

ఛాంబర్ ఖాళీగా ఉంచే తిరుగుతాను. పాత డిజైన్ .32 పిస్టళ్లు చాలావాటిలో ఫైరింగ్ పిన్‌ని (తూటా అడుగున కొట్టి పేల్చే సూదిని) అడ్డుకునే ఏర్పాటు ఉండదు, ఛాంబర్లో తూటాతో గట్టిగా కింద పడితే పేలే ప్రమాదం ఉంది. ఈ మాటకి నాతో వాదించేవాళ్లు ఉన్నారు. ఇంట్లో పిల్లలున్నారు, నా నిర్ణయం నాది.

మన సముద్రపు గాలికి తుప్పు ఎంత త్వరగా వస్తుందో చెప్పక్కర్లేదు, దానికి చెమట తోడు. తోలు తేమ పట్టి ఉంచుతుంది, అందుకని ఇంటికి రాగానే హోల్‌స్టర్‌లోంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాసి, తాళం వేసిన బీరువాలో విడిగా పెడతాను. ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు కదా, అప్పుడు కూడా హోల్‌స్టర్‌లో పెట్టి ఇవ్వొద్దు, వారాల తరబడి అలాగే ఉండిపోతుంది.

మనలాంటి సరిహద్దు జిల్లావాళ్లకి ఇంకోటి. నా లైసెన్సు ఆంధ్రప్రదేశ్‌కే చెల్లుతుంది. ఇచ్ఛాపురం, పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటితే ఒడిశా, పాతపట్నం పక్కనే పర్లాకిమిడి. బరంపురం పని ఉంటే పిస్టల్ ఇంట్లోనే. జాతర్లకీ, ఊరేగింపులకీ, స్కూలు ఆవరణలోకీ కూడా తీసుకెళ్లకూడదని లైసెన్సు షరతుల్లోనే ఉంటుంది, రథసప్తమికి అరసవల్లి వెళ్లినా అంతే. ఆ పేజీ ఒకసారి తీరిగ్గా చదవండి, ఎక్కువమంది నంబరున్న పేజీ ఒక్కటే చూస్తారు.

మిగిలిన తోలు పెద్దాయన దగ్గరే ఉంది. రెండో మ్యాగజైన్‌కి ఎడమవైపు పెట్టుకునే పౌచ్ కుట్టమన్నాను, దానికి కూడా చెక్క అచ్చు సిద్ధం అవుతోంది. కొలతలు ఎవరికైనా కావాలంటే అడగండి, అట్టముక్క దాచి ఉంచాను.