ఫ్రంట్ దాటిపోయాక వచ్చే గీతలు

పొద్దున లేవగానే శాటిలైట్ చిత్రాలు చూడటం నాకో వ్యసనం. అందరి కళ్ళూ కోల్డ్ ఫ్రంట్ మీదే, అంటే చల్లగాలి ముందుకొచ్చి వెచ్చటి గాలిని తోసే సరిహద్దు మీదే, అక్కడి పొడవాటి తెల్లటి మేఘాల పట్టీ మీదే ఉంటాయి. నాకు మాత్రం అది వెళ్ళిపోయాక సముద్రం మీద దువ్వెనతో దువ్వినట్టు కనిపించే సన్నటి గీతలంటే పిచ్చి.

చాలాకాలం అవి ఫ్రంట్ వదిలేసిన తోకలే అనుకున్నాను. ఓసారి చిత్రాన్ని ప్రింట్ తీసి స్కేలు పెట్టి చూస్తే అవి ఫ్రంట్‌కి సమాంతరంగా లేనే లేవు. దాదాపుగా గాలి వీచే దిక్కునే పోతున్నాయి. అంటే వాటిని గీసింది ఫ్రంట్ కాదు.

ఫ్రంట్ వెనక వచ్చే చల్లగాలి, తనకంటే వెచ్చటి నీటి మీదుగా పోతుంది. అడుగున వేడెక్కి, తేమ పట్టి పైకి లేస్తుంది. సంవహనం అంటే ఇదే. అయితే ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులో ఇంకాస్త వెచ్చటి గాలి పొర మూతలా కూర్చుని ఉంటుంది. లేచిన గాలికి ఆపైన దారి లేదు, పక్కకు మళ్ళి కిందికి దిగాల్సిందే. గాలి గట్టిగా ఉండి, ఎత్తుతో దాని వేగం మారుతూ ఉంటే ఈ తిరుగుడు పక్కపక్కన పేర్చిన పొడవాటి దుంగల్లా సాగుతుంది. ఒక దుంగ ఇటు దొర్లితే పక్కది అటు. రెండిటి మధ్య గాలి లేచే చోట మేఘం, దిగే చోట ఖాళీ ఆకాశం. ఇంజిన్ లేని గ్లైడర్లు నడిపే పైలట్లు ఈ మేఘాల వరస పట్టుకుని, ఎత్తు కోసం చక్కర్లు కొట్టకుండానే చాలా దూరం పోతారు.

గీతల మధ్య దూరం తరచూ మూత కింద తిరిగే గాలి మందానికి రెండు మూడు రెట్లుంటుంది. అయిదు కిలోమీటర్ల ఎడం కనిపిస్తే మూత సుమారు రెండు కిలోమీటర్ల ఎత్తులో ఉందని లెక్కేసుకుంటాను. తీరానికి దగ్గర్లోనే ఈ లెక్క. దూరం పోయేకొద్దీ ఎడం పెరిగి లెక్క తప్పుతుంది.

జపాన్ సముద్రం మీద చలికాలంలో ఇవి భలేగా కనిపిస్తాయి. గాలి వచ్చే వైపు తీరం పక్కన కాస్త మేర మేఘమే ఉండదు, గాలికి తేమ పట్టడానికి అంత దూరం కావాలి మరి. ఆ తర్వాత గీతలు. ఇంకా దూరం పోతే అవి విడిపోయి తేనెపట్టు గదుల్లా అవుతాయి: అంచుల్లో మేఘం, మధ్యలో ఖాళీ. 1900లో ఆన్రీ బెనార్ అనే ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త పలచటి ద్రవాన్ని కింద నుంచి వేడిచేసి ఇలాంటి గదులే చూశాడు. పోలిక ఆకారంలోనే. ఆయన గదుల్లో ద్రవం మధ్యలో లేచింది, ఇక్కడ గాలి అంచుల్లో లేస్తుంది.

ఆ గదుల కింద ఓసారి నిలువునా తడిశాను. ఫ్రంట్ పోయింది, యాప్ కూడా వాన అయిపోయిందంది, గొడుగు ఇంట్లో పెట్టేసి బయల్దేరా. పావుగంట ఎండ, అయిదు నిమిషాల జల్లు, మళ్ళీ ఎండ, మళ్ళీ జల్లు. సాయంత్రం దాకా అదే వరస. ఇంటికొచ్చి చిత్రం తెరిస్తే, నేనున్న చోటి మీదుగా గదులు ఒకదాని వెనక ఒకటి ఇంకా వస్తూనే ఉన్నాయి.