ట్యాంకు నీళ్ళు, మామ్మగారి వడియాలు

ఆదివారం కదా అని ఎనిమిదింటిదాకా పడుకుందామనుకుంటే పక్కింటి మామ్మగారి కేక. "ఏటి బాబూ ఇది, నా వడియాలన్నీ నానిపోనాయి!" మోటారు వేసి మళ్ళీ నిద్రపోయాను, ట్యాంకు నిండి పైపులోంచి నీళ్ళు ధారగా వెళ్ళి సరిగ్గా ఆవిడ చాప మీద పడుతున్నాయి. తప్పు నాదే.

పరుగెత్తి మోటారు కట్టేశాను. ధార టక్కున ఆగలేదు. సన్నబడుతూ, చాప మీంచి ప్రహరీ మీదకి, అక్కణ్ణించి మా గోడవైపు జరుగుతూ వచ్చి, చివరికి పైపు అంచున బొట్లుబొట్లుగా మిగిలింది. నేనూ మా మేనకోడలూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. అది ఇక్కడే పర్లాకిమిడిలో ప్లస్ టూ చదువుతోంది. ఫిజిక్స్ ఇంగ్లిష్‌లో, ఫ్రెండ్స్‌తో గొడవలు ఒడియాలో, నా దగ్గర డబ్బులడగడం తెలుగులో.

"దూరంగా పడ్డా దగ్గరగా పడ్డా, కిందకి చేరే టైమ్ ఒకటే మావయ్యా" అంది. నేను నమ్మలేదు. ఏటి అవతల పాతపట్నంలో తెలుగు మీడియంలో చదువుకున్నవాణ్ణి, క్షితిజ సమాంతర అంశం (అడ్డం వేగం), క్షితిజ లంబ అంశం (నిలువు వేగం) అని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నానే గానీ, జోరుగా వెళ్ళిన నీళ్ళు ముందే పడతాయనే ఇన్నేళ్ళూ అనుకుంటున్నాను.

అది రెండు గులకరాళ్ళు తెచ్చింది. డాబా అంచున ఒకటి ఊరికే వదిలేసి, అదే క్షణంలో రెండోదాన్ని అడ్డంగా విసిరింది. ఒకటే 'టప్'. మూడుసార్లు చేయించాను, మూడుసార్లూ అంతే.

పైపు అడ్డంగా ఉంది కాబట్టి బయటికొచ్చేటప్పుడు నీటికి కిందకి వేగమంటూ ఏమీ ఉండదట. భూమి లాగేది కిందకే, పక్కకి కాదు. ఐదు మీటర్ల ఎత్తు నుంచి పడటానికి దాదాపు ఒక సెకను. ఆ సెకనులో, సెకనుకి మీటరు వేగమున్న నీళ్ళు మీటరు దూరం పోతాయి, రెండు మీటర్ల వేగముంటే రెండు మీటర్లు, అంటే మామ్మగారి చాప. కిందకి పడటం, అడ్డంగా పోవడం, ఈ రెండూ కలిసే ధారకి ఆ వంపు, పరావలయం. గెలీలియో 1638లోనే పుస్తకంలో వేశాడట, నాకు ఈరోజు ఎక్కింది.

సాయంత్రం ఎల్బో ఒకటి తెచ్చి పైపు మూతికి కిందకి తిప్పి బిగించాను. ఇంక అడ్డం వేగమే లేదు. మామ్మగారికి చూపిద్దామని గర్వంగా మోటారు వేశాను. నీళ్ళు తిన్నగా గోడ వెంబడి దిగి నా బండి సీటు మీద పడ్డాయి.