ఇంతకీ ఎవరి జీన్?

నాకు తలసీమియా, ఒంట్లో రక్తం సరిగా తయారవని పుట్టు జబ్బు. ఖమ్మం నుంచి మూడు వారాలకోసారి హైదరాబాద్ వచ్చి రక్తం ఎక్కించుకునేవాణ్ణి. 2013లో హెపటైటిస్ సి, అంటే రక్తం ద్వారా వచ్చి లివర్‌ను పాడుచేసే వైరస్, పాజిటివ్ వచ్చింది. ఎప్పుడో ఎక్కిన ఏదో ఒక బ్యాగుతో వచ్చి ఉంటుంది. ఏ బ్యాగని వెతుకుతాం?

వైరస్ ఏ రకమో చూసే జీనోటైప్ టెస్టు చేయిస్తే 3వ రకం అని తేలింది, మన దేశంలో ఎక్కువగా ఉండేదే. అప్పట్లో దీనికి మందంటే ఆరు నెలలపాటు వారానికో ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, రోజూ రిబావిరిన్ మాత్రలు. రిబావిరిన్ ఎర్రకణాలను పగలగొడుతుంది. అసలే రక్తం నిలవని ఒళ్లు నాది! అంత కష్టపడితే ఫలితం ఉంటుందో లేదో చూద్దామని, డాక్టర్ గారు ఐఎల్28బి అనే జీన్ టెస్టు రాశారు. ఆ జీన్ దగ్గర సీసీ అనే అక్షరాల జత ఉన్నవాళ్లకు ఇంటర్‌ఫెరాన్ బాగా పనిచేస్తుందని 2009లో కనిపెట్టారట. సీటీ, టీటీ అయితే అంతగా పనిచేయదు. 3వ రకం వైరస్‌లో ఈ తేడా అంత గట్టిగా కనపడదని కూడా ఆయనే చెప్పారు.

నా టెన్షన్ వేరే. ఒంట్లో తిరిగేదంతా ఎవరెవరో ఇచ్చిన రక్తం, మరి టెస్టులో ఎవరి జీన్ వస్తుంది? అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగేశాను. డాక్టర్ గారు నవ్వలేదు. "ఎక్కించేది ఎర్రకణాలు. వాటిలో డీఎన్ఏ ఉండదు. మేం చూసేది నీ తెల్లకణాల్లో. అయినా ఎందుకైనా మంచిది, ఎక్కించుకునే ముందే శాంపిల్ ఇవ్వు" అన్నారు.

ల్యాబ్ వాళ్లేమో జీనోటైప్ అనగానే మళ్లీ వైరస్‌దే చేసి పంపారు. "వైరస్‌ది కాదు బాబూ, మావాడిది" అని నాన్న కౌంటర్ దగ్గర ఎన్నిసార్లు చెప్పారో! మళ్లీ సూది, మళ్లీ ఎదురుచూపు.

సీటీ అని వచ్చింది. అటూ ఇటూ కాదు. లివర్ గట్టిపడిందా అని చూసే ఫైబ్రోస్కాన్‌లో అది బాగానే ఉండటంతో, కొత్త మాత్రలు వస్తున్నాయి, ఆగుదామన్నారు.

2015లో ఆ కొత్త మాత్రల్లో ఒకటైన సోఫోస్బువిర్ జెనరిక్ మన దగ్గర దొరికింది, ఆ ఏడాది చివర్లో డక్లాటాస్విర్ కూడా. రిబావిరిన్ లేకుండా రోజుకు రెండు మాత్రలు, 12 వారాలు. నా సీటీ సంగతి ఎవరూ అడగలేదు. కోర్సయ్యాక మరో 12 వారాలకు ఆర్ఎన్ఏ టెస్టు, అంటే రక్తంలో వైరస్ ఉందా అని నేరుగా చూసేది, చేయిస్తే వైరస్ లేదు.

వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు అది పోయినా ఉండిపోతాయి కాబట్టి, ఆ టెస్టు మాత్రం ఇప్పటికీ పాజిటివే చూపిస్తుంది. కొత్త వార్డులో సిస్టర్ ఫైలు మీద ఎర్ర పెన్నుతో హెచ్‌సీవీ (హెపటైటిస్ సి వైరస్) అని రాయబోతే, అమ్మ ల్యామినేషన్ చేయించిన ఆర్ఎన్ఏ రిపోర్టు బయటికి తీస్తుంది. జీన్ రిపోర్టు ఏ బీరువాలో ఉందో ఎవరికీ గుర్తులేదు.