సీకేఏడీ ప్రిపరేషన్: చెడగొట్టి, బాగుచేసి నేర్చుకున్నాను

ఈ మధ్యే సీకేఏడీ పాసయ్యాను. పూర్తి పేరు సర్టిఫైడ్ కుబర్నెటీస్ అప్లికేషన్ డెవలపర్. కంటైనర్లలో (యాప్‌ని దానికి కావాల్సినవాటితో కలిపి కట్టిన పెట్టెలు) పెట్టిన యాప్‌లని నడిపించే వ్యవస్థ కుబర్నెటీస్. లినక్స్ ఫౌండేషన్, సీఎన్‌సీఎఫ్ (క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్) కలిసి పెట్టే పరీక్ష. ఎస్ఆర్ నగర్, అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ, పగలు ఉద్యోగమో కోర్సో చేసుకుని రాత్రిళ్లు దీనికి చదివేవాళ్లు చాలామందే ఉన్నారు. నేనూ అలా చదివినదాన్నే కాబట్టి, మీకు పనికొస్తాయనుకున్నవి రాస్తున్నాను.

ఇందులో బిట్లు ఉండవు. రెండు గంటల టైమ్, 15 నుంచి 20 పనులు, ఎదురుగా నిజమైన క్లస్టర్ (కుబర్నెటీస్ నడిచే మెషీన్ల గుంపు). చెప్పిన పని చేసి చూపించాలి. 66 శాతం వస్తే పాస్. పరీక్షలోనే కుబర్నెటీస్ డాక్యుమెంటేషన్ తెరిచి చూసుకోవచ్చు, హెల్మ్ అనే ప్యాకేజ్ టూల్‌ది కూడా. అందుకే డంప్స్ (బయటికొచ్చిన పాత ప్రశ్నలు) కోసం వెతికే టైమ్‌ని దయచేసి ప్రాక్టీస్‌కి ఇవ్వండి. లెక్క వేస్తే ఒక్కో పనికి ఆరు నుంచి ఎనిమిది నిమిషాలే వస్తాయి. అంత తక్కువ టైమ్‌లో డాక్యుమెంటేషన్ ఉపయోగపడేది, ఏం వెతకాలో ముందే తెలిసినవాళ్లకే.

సిలబస్ అయిదు భాగాలు. కాన్ఫిగరేషన్, సెక్యూరిటీ ఉన్న భాగానికి 25 శాతం వెయిటేజ్. అప్లికేషన్ డిజైన్, డిప్లాయ్‌మెంట్, సర్వీసులు నెట్‌వర్కింగ్ ఒక్కోటి 20 శాతం. అబ్జర్వబిలిటీ (లోపల ఏం జరుగుతోందో చూసి తప్పు పట్టుకోవడం) 15 శాతం. కాగితం మీద అబ్జర్వబిలిటీ అన్నిటికన్నా చిన్నదే. కానీ నేనైతే సగం ప్రిపరేషన్ దాని మీదే పెట్టాను, మీకూ అదే చెబుతాను. ఏ భాగంలో ప్రశ్న వచ్చినా మీరు రాసిన యామల్ (ఏం నడపాలో కుబర్నెటీస్‌కి చెప్పే ఫైల్) మొదటిసారే నడుస్తుందని గ్యారంటీ లేదు. ఎందుకు నడవలేదో ఒక్క నిమిషంలో కనిపెట్టగలిగితే మిగతా టైమ్ మీ చేతిలో ఉంటుంది.

అందుకని నేను సొంతంగా ఒక చిన్న యాప్ పెట్టుకున్నాను. మా హాస్టల్‌లో ఈ రాత్రి భోజనానికి ఎంతమంది ఉంటారో వంటావిడకి ముందే తెలియాలి. ఆ లెక్క చెప్పే యాప్ అది. పైథాన్‌లో ఫ్లాస్క్, వెనక లెక్క దాచే డేటాబేస్ రెడిస్, అంతే. యాప్ ఎంత చిన్నదైతే అంత మంచిది, ఎందుకంటే ఇక్కడ నేర్చుకోవాల్సింది దాని చుట్టూ ఉన్నది. రెడిస్ అడ్రస్ కోడ్‌లో రాయకుండా కాన్ఫిగ్‌మ్యాప్ (సెట్టింగ్స్ విడిగా ఉంచే చోటు) నుంచి తీసుకోవాలి. పాస్‌వర్డ్ సీక్రెట్‌లో పెట్టాలి. సీక్రెట్‌లో ఉన్నది బేస్64 మాత్రమే, ఎవరైనా విప్పి చదవొచ్చు, కాబట్టి ఆ యామల్‌ని గిట్‌లోకి ఎక్కించకూడదు. లాగ్స్ ఫైల్లోకి కాకుండా స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి పంపాలి. పాడ్ (కంటైనర్ నడిచే చిన్న యూనిట్) చచ్చిపోయి కొత్తది వచ్చినా లెక్క పోకూడదు కాబట్టి యాప్ తన దగ్గర ఏమీ దాచుకోకూడదు. క్లౌడ్ నేటివ్ (క్లౌడ్‌కి తగ్గట్టు యాప్ కట్టడం) అంటే ఏమిటో పుస్తకంలో చదివినప్పటికంటే ఈ నాలుగు మార్పులు చేసినప్పుడే నాకు బాగా అర్థమైంది.

క్లస్టర్ కోసం డబ్బు పెట్టక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లోనే చిన్న క్లస్టర్ నడిపే మినీక్యూబ్‌కి రెండు సీపీయూలు, 2 జీబీ ఖాళీ మెమరీ, 20 జీబీ డిస్క్ చాలు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో హాయిగా నడిచింది. ల్యాప్‌టాప్ లేనిచోట బ్రౌజర్‌లో కిల్లర్‌కోడా వాడుకోవచ్చు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ రీజియన్ 2022 నవంబర్ నుంచి మన హైదరాబాద్‌లోనే ఉంది కదా, దాని కుబర్నెటీస్ సర్వీస్ ఈకేఎస్ మీద నేర్చుకుందామని కొందరికి అనిపిస్తుంది. ఉద్యోగానికి అది తెలియడం మంచిదే. కానీ ఈకేఎస్ కంట్రోల్ ప్లేన్‌కే (క్లస్టర్‌ని నడిపించే భాగం) గంటకి 10 సెంట్లు. ఆపకుండా నెలంతా వదిలేస్తే 72 డాలర్లు, మెషీన్ల ఖర్చు వేరే. పరీక్ష వరకు మినీక్యూబ్‌తోనే సరిపెట్టుకోండి.

ఇక నా అసలు ప్రాక్టీస్ ఇలా జరిగేది. నా రూమ్మేట్ టెస్టింగ్‌లో పనిచేస్తుంది. నేను టీకి కిందకి వెళ్లినప్పుడు తను యామల్‌లో ఏదో ఒకటి మార్చేసేది. పైకి రాగానే "అక్కా, ఈసారి దొరకదు చూడు" అనేది. నేను ఫోన్‌లో టైమర్ పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఏ లేబుల్ ఉన్న పాడ్స్‌కి సర్వీస్ ట్రాఫిక్ పంపాలో చెప్పే సెలెక్టర్‌లో ఒక్క అక్షరం మారిస్తే పాడ్స్ అన్నీ రన్నింగ్ అనే చూపిస్తాయి, యాప్ మాత్రం తెరుచుకోదు. అప్పుడు ఎండ్‌పాయింట్స్ (ట్రాఫిక్ వెళ్లే పాడ్స్ అడ్రస్‌ల జాబితా) చూడాలి. అక్కడ ఖాళీగా ఉంటే లేబుల్స్ కలవలేదన్నమాట, లేదా పాడ్ ఇంకా రెడీ కాలేదన్నమాట. ఇమేజ్ (కంటైనర్‌కి మూలమైన ప్యాకేజ్) ట్యాగ్ తప్పయితే ఇమేజ్‌పుల్‌బ్యాక్‌ఆఫ్ అని చూపిస్తుంది. క్రాష్‌లూప్‌బ్యాక్‌ఆఫ్ కనబడితే కంగారు పడకండి. కంటైనర్ పదే పదే పడిపోతోందని, మళ్లీ లేపేముందు కుబర్నెటీస్ కాసేపు ఆగుతోందని మాత్రమే దాని అర్థం. ఆ ఆగడం 10 సెకన్లు, 20, 40 అంటూ అయిదు నిమిషాల దాకా పెరుగుతుంది. కారణం ఇప్పటి లాగ్‌లో దొరక్కపోవచ్చు, ప్రీవియస్ అనే ఆప్షన్‌తో పడిపోయిన కంటైనర్ లాగ్ చూడాలి. ఎగ్జిట్ కోడ్ 137, పక్కనే ఊమ్‌కిల్డ్ అని ఉంటే మెమరీ లిమిట్ దాటింది. సీపీయూ లిమిట్ దాటితే మాత్రం చంపదు, నెమ్మదిస్తుంది అంతే. డిస్క్రైబ్ కమాండ్‌లో కింద వచ్చే ఈవెంట్స్ మామూలుగా ఒక గంటే నిలుస్తాయి, కాబట్టి పాడైన వెంటనే చదవండి.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ప్రోబ్స్, అంటే యాప్ బాగుందో లేదో కుబర్నెటీస్ చేసే చెక్‌లు. రెడీనెస్, లైవ్‌నెస్ రెండూ ఒకేలా రాస్తారు, కానీ ఫలితం పూర్తిగా వేరు. రెడీనెస్ ఫెయిలైతే ఆ పాడ్‌కి ట్రాఫిక్ ఆగుతుంది, పాడ్ బతికే ఉంటుంది. లైవ్‌నెస్ ఫెయిలైతే కంటైనర్‌ని చంపి మళ్లీ మొదలుపెడుతుంది. ఒకరోజు మా రూమ్మేట్ రెడిస్‌ని చెక్ చేసే దారిని లైవ్‌నెస్‌లో పెట్టి, రెడిస్‌ని ఆపేసింది. ఏ తప్పూ లేని నా యాప్ పాడ్స్ అన్నీ వరసగా రీస్టార్ట్ అవుతూ పోయాయి. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా రెడిస్ తిరిగి రాదు కదా. వేరే సర్వీస్ ఆరోగ్యాన్ని లైవ్‌నెస్‌లో అడగకూడదు. పరీక్షలో ప్రోబ్ రాయమంటే రెండు నిమిషాల పని. ఆఫీసులో ప్రొడక్షన్ చూసేవాళ్లకి మాత్రం ఈ తేడా తెలియడం చాలా ముఖ్యం.

అలాంటిదే ఇంకొకటి, పాడ్ ఆగే పద్ధతి. రోలింగ్ అప్‌డేట్ (పాత పాడ్స్ స్థానంలో కొత్తవి మెల్లగా పెట్టడం) జరిగేటప్పుడు పాత పాడ్‌కి ఆగమని సిగ్‌టర్మ్ అనే సిగ్నల్ వస్తుంది. 30 సెకన్లలో చేతిలో ఉన్న పని ముగించుకోకపోతే బలవంతంగా ఆపేసే సిగ్‌కిల్. ఇమేజ్ ఎలా తయారవ్వాలో చెప్పే డాకర్‌ఫైల్‌లో కమాండ్‌ని షెల్ రూపంలో రాస్తే ఆ సిగ్నల్ షెల్ దగ్గరే ఆగిపోయి యాప్ దాకా చేరకపోవచ్చు. అప్పుడు ప్రతి అప్‌డేట్‌కీ కొన్ని రిక్వెస్టులు మధ్యలో తెగిపోతాయి. సిలబస్‌లో ఇది పెద్దగా కనిపించదు. అయినా ఒక సాయంత్రం దీనికి ఇవ్వండి.

స్పీడ్ గురించి రెండే మాటలు. యామల్‌ని మొదటి నుంచి చేత్తో రాయొద్దు, డ్రై రన్‌తో (క్లస్టర్‌లో ఏదీ మార్చకుండా కమాండ్ నడిపే ఆప్షన్) పుట్టించి దిద్దుకోండి. విమ్ ఎడిటర్‌లో లైన్లు జరపడం, చెరపడం వేళ్లకి అలవాటవ్వాలి. నెట్‌వర్క్ పాలసీకి (ఏ పాడ్‌తో ఎవరు మాట్లాడొచ్చో చెప్పే నియమం) అలా పుట్టించే కమాండ్ లేదు, డాక్యుమెంటేషన్ నుంచి కాపీ చేసుకోవాల్సిందే. ఆ పేజీ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.

పాత వీడియోలతో జాగ్రత్త. కుబర్నెటీస్ ఏడాదికి మూడు వెర్షన్లు విడుదల చేస్తుంది. 1.18కి ముందు రన్ కమాండ్‌తో డిప్లాయ్‌మెంట్ (పాడ్స్‌ని చూసుకునే వస్తువు) వచ్చేది, 2020 నుంచి పాడ్ మాత్రమే వస్తుంది. ఇంగ్రెస్ (బయటి ట్రాఫిక్‌ని లోపలి సర్వీసులకి పంపేది) పాత బీటా ఏపీఐలని 2021లో 1.22 వెర్షన్‌లో తీసేశారు. అప్పటి ఉదాహరణ కాపీ చేస్తే క్లస్టర్ తీసుకోదు. డెప్రికేషన్ (పాత ఏపీఐలని పక్కన పెట్టడం) సిలబస్‌లోనే ఉంది కాబట్టి ఇది రెండు విధాలా పనికొస్తుంది.

ఈ చదువుకి మన ఊళ్లో మనుషులు కూడా దొరుకుతారు. 2025 ఆగస్టులో కుబర్నెటీస్ సమావేశం కుబేకాన్ ఇండియా హైదరాబాద్ హెచ్ఐసీసీలోనే జరిగింది. మాదాపూర్, గచ్చిబౌలి వైపు రోజూ క్లస్టర్లు నడిపే ఇంజినీర్లు ఎంతోమంది ఉన్నారు. మీ ఆఫీసులో అలాంటివాళ్లుంటే, ప్రొడక్షన్ ఎప్పుడు పడిపోయింది, ఎలా కనిపెట్టారు అని అడగండి. మొహమాటపడకండి, సంతోషంగా చెబుతారు.

పరీక్ష ఇంటి నుంచే, కెమెరా ముందు రాయాలి. హాస్టల్‌లో ఉండేవాళ్లకి అసలు టెన్షన్ ఇదే. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, మధ్యలో ఎవరూ రాకూడదు, టేబుల్ ఖాళీగా ఉండాలి. ప్రశ్న పైకి చదవకూడదు. మంచినీళ్లు లేబుల్ లేని పారదర్శకమైన బాటిల్‌లో అయితే పరవాలేదు. నేను మల్కాజిగిరిలో మా పిన్ని వాళ్లింట్లో రాశాను. బాబాయి ఇన్వర్టర్ చూసుకున్నారు, పిన్ని కుక్కర్ పెట్టకుండా ఆపింది. ఫోన్ హాట్‌స్పాట్ ఎలా పనిచేస్తుందో ముందురోజే చూసుకోండి. రిజిస్ట్రేషన్‌లో పేరు ఐడీ కార్డులో ఉన్నట్టే ఉండాలి. మనకి ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది కాబట్టి ఇది తప్పకుండా సరిచూసుకోండి. నేను పాస్‌పోర్ట్ చూపించాను.

పరీక్షలో ఒక్కో పనికి చెప్పిన మెషీన్‌లోకి ఎస్ఎస్‌హెచ్ ద్వారా వెళ్లాలి, అయ్యాక బయటికి రావాలి. రిమోట్ డెస్క్‌టాప్ కొంచెం నెమ్మది. చిన్న స్క్రీన్‌లో టెర్మినల్, డాక్యుమెంటేషన్, ప్రశ్న మూడూ ఇరుక్కుంటాయి, కుదిరితే 15 అంగుళాలు, అంతకన్నా పెద్దది వాడండి. టర్మినల్‌లో కాపీ, పేస్ట్‌కి కంట్రోల్‌తో పాటు షిఫ్ట్ కూడా నొక్కాలి. ఫీజుతో పాటే వచ్చే కిల్లర్ డాట్ ఎస్‌హెచ్ సిమ్యులేటర్ సెషన్లు రెండూ ఇదే వాతావరణంలో ఉంటాయి, ఒక్కోటి 36 గంటలు తెరిచి ఉంటుంది. అవి అసలు పరీక్షకన్నా కష్టం. అక్కడ మార్కులు తక్కువొచ్చాయని వాయిదా వేసుకోకండి.

ఫలితం 24 గంటల్లో మెయిల్‌కి వస్తుంది. ఫెయిలైతే ఇంకోసారి ఉచితంగా రాయొచ్చు. సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది. ఫీజు డాలర్లలో, మన జీతాలకి బరువే. నవంబర్ చివర్లో సైబర్ మండే సమయంలో లినక్స్ ఫౌండేషన్ మామూలుగా మంచి డిస్కౌంట్ ఇస్తుంది. కొన్నాక రాయడానికి ఏడాది గడువు ఉంటుంది కాబట్టి, అప్పుడు కొని పెట్టుకుని తర్వాత తేదీ బుక్ చేసుకున్నా సరిపోతుంది.